బోరు పాయింటును గూర్చి సంవాదము

దేవరకొండ మొదలు కల్వకుర్తి వఱకు గల ఎఱ్ఱచెలకలయందు బోరు వేయదలచిన రైతు, రిగ్గు బండికంటె ముందుగా పాయింటు చూచువానిని పిలిపించుట పరిపాటి. అరచేత అడ్డముగా బెట్టిన కొబ్బరికాయ నిలువుగా లేచిన చోటనో, పంగల వేపకొమ్మ వంగిన చోటనో గంగ యున్నదని యాతడు నిర్ణయించును. దీనిని 'శక్తి' యనవచ్చునా యని యొక మామయు, బడిపంతులైన యాతని అల్లుడును ఇట్లు వాదించుకొనిరి.

మామ: వాని చేతిలో శక్తి యున్నది అల్లుడా. వాగొడ్డు చెలకలో చూపినచోట రెండంగుళాల నీళ్ళు పడలేదా?

అల్లుడు: పడినవి మామా. అతడు కాదన్నచోట ఎవరైన వేసి చూచిరా? మన క్రింద నున్నది గ్రానైటు. పైనున్న మెత్తబడిన రాతిపొరలోను, లోపలి పగుళ్ళలోను తప్ప నీరు నిలువదు. అట్టి పొర మందముగా నున్నచోట కన్నులు మూసికొని చూపినను కొన్ని బోర్లు పడితీరును. వానికంటె ఇతడు చూపినవి ఎక్కువ పడినప్పుడు గదా, ఆ మిగులును శక్తి యనవలయును!

మామ: గట్టు చెలకలో ఎండిన బోరునకు మాత్రము 'నీ అదృష్టము' అన్నాడు.

అల్లుడు: పడినది వాని ప్రజ్ఞ, ఎండినది నీ ప్రారబ్ధము! ఎట్లు జరిగినను ఓడని మాటకు జోస్యమను పేరు దండుగ.

మామ: అయితే పెద్దలు చెప్పినదంతయు బూటకమేనా?

అల్లుడు: ఎంతమాట! ఆఱవ శతాబ్దమున వరాహమిహిరుడు బృహత్సంహితలో భూజలమునకై ఒక అధ్యాయమే వ్రాసెను. నేరేడుచెట్టునకు ఉత్తరముగా మూడు మూరల దూరమున, రెండు నిలువుల లోతున జలముండునని చెప్పి యూరకుండక, ఒక నిలువు త్రవ్వునప్పటికి ఇనుపవాసన గల మన్నును, కప్పయు కనబడునని గుఱుతులు గూడ నిచ్చెను. ఆ మాట నిజమగునో కాదో త్రవ్వినవాడే తేల్చవలెను. అట్లు తేల్చుటకు వీలిచ్చి చెప్పుటయే ఆయన గొప్పతనము.

మామ: మనవానిని లోతడిగితే 'పడేదాక పోనీయి' అన్నాడు. రిగ్గువాడు అడుగుకింతని వసూలు చేసికొనెను.

అల్లుడు: పైగా నల్లగొండ నీళ్ళలో రుచికి తెలియని ఫ్లోరైడు ఎందఱి యెముకలనో వంచినది. దాని సంగతి ఆ కొబ్బరికాయ చెప్పినదా?

మామ: చెప్పలేదు. కాని ఎక్కడనో ఒకచోట వేయక తప్పని రైతునకు, ఇక్కడ వేయుమను మనిషి కావలెను గదా.

అల్లుడు: అది ధైర్యము, దానికి వెల యిమ్ము, తప్పులేదు. జ్ఞానమునకు వెల యిచ్చునప్పుడు మాత్రము, కొబ్బరికాయవానినైనను, భూగర్భజలశాఖ యంత్రమునైనను ఒకే తీరున అడుగుము: లోతెంత, నీరెంత, ఇంతకుముందు చూపినవానిలో ఎండినవెన్ని? బండి రాకముందే ఆ జవాబును కాగితముపై వ్రాయించుకొనుము.