పరిగ్రహ పరిమాణము

అర్ధరాత్రమున నిద్రపట్టక ఫోనులో వస్తుచిత్రములను తిలకించుచు, అవసరమేమియు లేకయే చీరనో చెప్పులజతనో కొనువాని దోషము ఎచ్చట మొదలైనదని విచారించి, విషయధ్యానమువలన సంగమును, సంగమువలన కామమును జనించునని భగవద్గీత ద్వితీయాధ్యాయము తెలిపిన క్రమమును పరికించినచో, అది తొలిచూపునందే మొలకెత్తినదని తేటపడును. 2016లో యూపీఐ వచ్చిన పిమ్మట రొక్కము లెక్కించి యిచ్చునప్పటి క్షణకాలపు సంకోచము సైతము తొలగినది. నా దృష్టిలో వివేకమునకు మిగిలియుండిన కడపటి తావు అదియే. ఇట్టి ఆశకు కళ్లెముగా పతంజలి అపరిగ్రహమును, అనగా అవసరమునకు మించినదానిని చేర్చుకొనకుండుటను, యమములనబడు నిగ్రహములలో చేర్చెను. అయినను గృహస్థునకు సర్వత్యాగము నుపదేశించుట వృథా. జైనులు శ్రావకునకు, అనగా తమ మతమునందలి గృహస్థునకు, విధించిన పరిగ్రహపరిమాణవ్రతము దయగలది: కోరిక పుట్టకమునుపే, మనస్సు ప్రశాంతముగా నున్నవేళ, ఇంతకు మించి యుంచుకొననని తానే హద్దు నేర్పరచుకొనుట. కావున కొనవలసినవానిని నెల మొదటనే వ్రాసికొని, తక్కినవానిని కార్టులోనే మూడునాళ్లు విడిచి, అప్పటికిని కావలెనని తోచునేమో చూడవలెను.