మునిగిన ఓడ ధ్వని, మునిగినవారి గొంతు

శబ్దము ఆకాశగుణమని పెద్దలు చెప్పిరి. పుట్టిన వెంటనే నశించుట దాని స్వభావము. కంటికి కనబడిన రూపమును శిల్పి రాతియందు నిలిపెను, చిత్రకారుడు పటమునందు నిలిపెను. చెవిని పడిన ధ్వనిని మాత్రము 1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫును కనిపెట్టువరకు ఎవరును పట్టి యుంచి మరల వినిపింపలేకపోయిరి. ఆ తరువాతనైనను, తోటలకు కూలీలను మోసిన ఓడలలోనికి అట్టి యంత్రమును ఎవరు తెత్తురు? అందుచేత ఆ ఓడల చప్పుడు గాని, వానిలో తల్లులు పాడిన జోలపాటలు గాని నేడు వినుటకు ఎక్కడను లేవు.

ఇప్పుడు శబ్దశిల్పమను విద్య ఒకటి పెరిగినది. మునిగిపోయిన ఓడ ఎట్లు మూలిగెనో, ఎట్లు విరిగెనో, దగ్గర నిలిచి విన్నట్లే తోచునట్లు సినిమాలలోను మ్యూజియములలోను పుట్టించుచున్నారు. విద్య గొప్పదే. కాని మరణించినవారి చివరి ఘడియను మరల మ్రోగించుటకు బ్రతికియున్నవారికి అధికారము కలదా? కలిగినచో ఎంతవరకు? ఇది విచారింపదగిన ధర్మసందేహము.

ఈ విచారమునకు కువైత్ దేశములోని మిష్రిఫ్ అను పేటనుండి బయలుదేరుట మేలు. హవల్లీ గవర్నరేటునకు చెందిన ఈ పేటలో విశాలమైన ఇండ్లును, అంతర్జాతీయ ప్రదర్శనశాలలును కలవు. కువైత్ దేశమందలి ఇట్టి ఇండ్లలో వంట చేయుచు, పసిపిల్లలను సాకుచు, కారు నడుపుచు కాలము గడుపు తెలుగువారు వేలకొలది కలరు. కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాలనుండి వచ్చినవారు వారిలో అనేకులు. రాత్రి పనులు ముగిసిన పిదప, ఇంటి పనిచేయు తల్లి తన చిన్న గదిలో కూర్చుండి ఫోనులో రెండు మాటలు చెప్పి ఊరికి పంపును: “అన్నము తిన్నారా? నేను బాగానే ఉన్నాను.” ఆమె విమానములో కొన్ని గంటలలో వచ్చినది. ఆమెకు రెండు తరముల ముందువారికి గల్ఫు దేశములకు దారి సముద్రమే.

ఆ సముద్రమార్గమున బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీవారి డుమ్రా, ద్వారకా, దారా, దారెస్సా అను ఓడలు బొంబాయికిని బస్రాకును నడుమ తిరుగుచుండెడివి. కువైత్ ఆ దారిలో ఒక మజిలీ. ఈ కంపెనీ తోటల సంతతివారికి క్రొత్తది కాదు. ఫిజీకి ఒప్పంద కూలీలను చేర్చిన సాంగోలా, సాంథియా ఓడలును, మద్రాసు నాగపట్నములనుండి పినాంగు సింగపూరులకు మనుష్యులను మోసిన రజులా ఓడయు దీనివే.

1961 ఏప్రిల్ 7వ తేదీన దారా ఓడ దుబాయి ముందర లంగరు వేసియుండెను. పెనుగాలి లేచుటచే కెప్టెను ఓడను బయటి సముద్రములోనికి నడిపించెను. దిగిపోవుటకు వ్యవధి లేక, సరకు దింపు కూలీలును, బంధువులను సాగనంపుటకు వచ్చినవారును ఓడలోనే చిక్కుకొనిరి. మరునాడు తెల్లవారుజామున 4 గంటల 40 నిమిషముల ప్రాంతమున ఓడలో ప్రేలుడు సంభవించెను, మంటలు వ్యాపించెను. ఓడలోని 819 మందిలో 238 మంది మరణించిరి. ఏప్రిల్ 10వ తేదీన, వేరొక ఓడ లాగుకొనిపోవుచుండగా, దారా మునిగిపోయెను. “పోయి రండి” అని చెప్పుటకు వచ్చినవారే తిరిగి రాకపోవుటకంటె విషాదమేమున్నది?

ఒక శబ్దశిల్పి ఈ కథను ధ్వనిగా మలచదలచెననుకొందము. ఆతనికి సాధనములు తక్కువ కాదు. రేకును ఊపి ఉరుమును పుట్టించుట నాటకశాలలలో పాత విద్య. తుప్పుపట్టిన ఇనుప తలుపును మెల్లగా ఈడ్చినచో ఓడ మూలిగినట్లుండును. గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోవు శబ్దము నీటిలో సుమారు 1500 మీటర్లు పోవును; అందుచే నీట మునిగినవానికి చప్పుడు ఏ దిక్కునుండి వచ్చుచున్నదో తెలియదు. ఈ సూక్ష్మమును సైతము ఆతడు వినువారి చెవికి తెలియజేయగలడు. ఇందులో మోసము లేదు. తోలుబొమ్మలాటలో యుద్ధఘట్టము వచ్చినపుడు ఆటగాండ్రు కాలిక్రింది పలకలను తొక్కి చప్పుడు చేయుదురు. ఎదుట తెర కలదు, తెర వెనుక దీపము కలదు. అది ఆట యని ప్రేక్షకులందరికిని తెలియును. తెలిసియే కన్నీరు కార్తురు.

మరి చిక్కెక్కడ? ఆంధ్రుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహమున శబ్దము రెండు విధములని చెప్పెను. భేరి మొదలగువాని మ్రోత ధ్వన్యాత్మకము. మనుష్యుని భాష వర్ణాత్మకము. ఈ విభాగమే ఇక్కడ దారి చూపును. గాలి, అల, గొలుసు, ఇంజను, ఇనుము, వీని మ్రోత ధ్వని. దానికి సొంతదారు లేడు. టైటానిక్ ఓడ కూతలను సముద్రగర్భమునుండి పైకి తీసి, 1999లో అమెరికాలోని సెయింట్ పాల్ నగరమున మరల మ్రోగించినపుడు వేలాది ప్రజలు చలిలో నిలిచి వినిరి. అందువలన ఎవరికిని అపచారము జరుగలేదు. కాని మనుష్యుని గొంతు అట్టిది కాదు. ఆర్తనాదములో స్పష్టమైన మాట లేకపోయినను, అది ఒక తల్లి కన్న బిడ్డ గొంతు. దానికి సొంతదారు కలడు. ఆ సొంతదారు అనుమతి ఇచ్చుటకు లేడు.

టైటానిక్ మునిగిన 1912లో బ్రతికి బయటపడిన ఫ్రాంక్ గోల్డ్‌స్మిత్ అప్పటికి తొమ్మిదేండ్ల బాలుడు. తండ్రి ఓడతోనే పోయెను. తరువాత ఆ బాలుడు డెట్రాయిట్ నగరమున ఒక బేస్‌బాల్ మైదానమునకు దగ్గర నివసించెను. ఆటలో ప్రేక్షకులు ఒక్కసారిగా హోరుమన్నపుడెల్ల, నీటిలో మునుగుచున్నవారి కేకలే ఆతనికి వినబడెడివట. తన పిల్లలను ఆటకు తీసికొనిపోవుటకును ఆతనికి మనసొప్పలేదు. వినోదమునకై ఆ కేకలను అచ్చముగా మరల సృష్టించువారు ఇట్టివారిని ఒక్కసారి తలచుకొనవలెను.

కూలీ ఓడల కథలో ఇంకను లోతైన సంగతి కలదు. 1884 మే 11వ తేదీ రాత్రి, కలకత్తానుండి ఒప్పంద కూలీలను తెచ్చుచున్న సిరియా ఓడ ఫిజీలోని నసిలై దిబ్బపై పడి విరిగెను. 59 మంది మరణించిరి. రక్షించుటకు పోయిన వైద్యాధికారి విలియం మెక్‌గ్రెగర్ ఆ దృశ్యమును గూర్చి వ్రాయుచు, సహాయమునకై పెట్టిన కేకలు తనకు తెలియని భాషలో వినబడెనని తెలిపెను. ఇది యోచింపదగినది. వ్రాసినవానికి ఆ భాష తెలియదు. ఆ భాష తెలిసినవారి మాటను అడిగి వ్రాసికొనినవారు అరుదు. నేడు ఒక నటుడు కొలువుగదిలో నిలిచి, మైకు ముందర ఆ కేకను వేసినచో, అది ఎవరి కేక? ఏ ఊరి మాట? ఏ దేవుని పేరు? కల్పించిన కేక చెవికి ఎంత నిజముగా తోచునో, నిజమైన కేక పోయినదను సత్యము అంతగా మరుగుపడును.

ధ్వని విషయమునను ఒక జాగ్రత్త వలయును. దారా ప్రేలుడును విచారించిన లండను న్యాయస్థానము, ఎవరో పెట్టిన మందుపాతరయే దాదాపు నిశ్చయముగా కారణమని 1962లో తేల్చెను, పెట్టినవారెవరో తేలలేదు. “దాదాపు” అను మాటను కలము వ్రాయగలదు, నోరు పలుకగలదు. ప్రేలుడు చప్పుడు పలుకలేదు. అది చెవిని పడగానే వినువాడు సర్వము రుజువైనట్లే నమ్మును. కావున ఏది తెలిసినదో, ఏది ఊహయో ముందుగా చెప్పి వినిపించుట శిల్పి ధర్మము. తోలుబొమ్మలవాని తెరవలె ఆ మాట కనబడుచుండవలెను.

దీనికి కొందరు గట్టి ఆక్షేపణ చెప్పుదురు. “కూలీల బాధను దొరలు లెక్కల పుస్తకములలో దాచిరి. ఇంతమంది ఎక్కిరి, ఇంతమంది చచ్చిరి అని అంకెలు వేసి ఊరకుండిరి. ఇప్పుడు వారి కేకను కూడ వినిపింపరాదన్నచో, ఆ మౌనమునకే తోడుపడినట్లు కాదా?” ఈ మాటలో బలము కలదు, తోసివేయరాదు. అయితే మౌనము రెండు విధములు. తప్పును దాచుటకు నోరు మూసికొనుట ఒకటి. పెద్దల ముందర తల వంచి నిలుచుట మరియొకటి. శ్రాద్ధమునందు చనిపోయినవారి పేరును గోత్రమును చెప్పి పిండము పెట్టుదురు. వారి మరణయాతనను ఎవరును అభినయించి చూపరు. అంతమాత్రమున వారిని మరచినట్లు కాదు గదా.

అదే దారి ఇక్కడను పనికివచ్చును. కూలీల వలసచీటీలలో పేరు, తండ్రి పేరు, ఊరు, జిల్లా, వయస్సు, ఒంటిమీది పుట్టుమచ్చ సైతము వ్రాయబడియున్నవి. దొర తన లెక్కకై వ్రాసికొన్న ఆ చీటీయే నేడు సంతతివారి చేతిలో సాక్ష్యమైనది. మునిగిన ఓడ ధ్వనిని పుట్టించువారు గాలిని వినిపింపవచ్చును, అలను వినిపింపవచ్చును, ఇనుము విరుగుటను వినిపింపవచ్చును. మనుష్యుల కేక రావలసిన చోట ధ్వనినంతను ఆపి, బ్రతికియున్న ఒక గొంతుచేత, తొందరలేకుండ, ఆ పేర్లను ఒకదానివెంట ఒకటి చదివింపవలెను. తండ్రి పేరుతో, ఊరి పేరుతో చదివింపవలెను. అంకె మరల మనిషి యగును. ఆ మనిషి నోట లేని మాటను పెట్టిన పాపమును రాదు.

ఇక మిష్రిఫ్ వంటి పేటలోని ఆ తల్లి మాట. ఆమె పంపిన రెండు మాటలను ఊరిలో పిల్లలు విందురు. ఫోను నిండగానే తుడిచివేయుదురు. నూరేండ్లకు పిమ్మట ఆమె సంతతివారు ఆమె గొంతు ఎట్లుండెడిదో యని తపించి, ఏ శబ్దశిల్పినో ఆశ్రయింపవలసివచ్చునేమో. నాటి ఓడలవారికి గొంతును దాచుకొను వసతి లేదు. నేటివారికి కలదు, దాచుకొను బుద్ధియే కొరతగానున్నది. పోయిన ధ్వనిని తిరిగి చేయుటకంటె, ఉన్న గొంతును పోకుండ కాపాడుట సులభము, ధర్మము కూడ. తోటల సంతతివారి ఇండ్లలో ముదుసలి అవ్వలు నేటికిని కలరు. వారిని కూర్చుండబెట్టి, “అవ్వా, మీ అమ్మ ఏ పాట పాడెడిది?” అని అడిగి, వారు పలికినది పలికినట్లు నిలుపుటకు పెద్ద విద్య అక్కరలేదు. ఒక సాయంకాలము చాలును.