మంచు అడవి, మనిషి మనసు: థోరో చలికాలపు నడక

హెన్రీ డేవిడ్ థోరో రాసిన ‘ఎ వింటర్ వాక్’ 1843 అక్టోబరులో ‘ది డయల్’ పత్రికలో అచ్చయింది. అప్పుడు ఆ పత్రిక సంపాదకుడు ఎమర్సన్. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, రాత్రంతా మంచు కురిసి తెల్లవారాక పొలాలు దాటి అడవిలోకి సాగే నడక దాని వస్తువు. పైకి ప్రకృతి వర్ణనే అయినా లోపల ఒక తాత్విక ప్రశ్న ఉంది: ఆ అడవిలో మనిషికి కలిగే పవిత్రభావం అడవిలో ఉన్నదా, మనిషి అక్కడికి మోసుకెళ్లినదా?

ఎమర్సన్ 1836లోనే ‘నేచర్’ అనే పుస్తకంలో దీనికి ఒక జవాబు చెప్పాడు. సందెవేళ మంచు కరిగిన నీటిగుంటల మధ్య నడుస్తుంటే ఏ కారణమూ లేకుండా పట్టరాని ఆనందం కలిగిందని రాశాడు. ఆ వెంటనే, ఆ ఆనందాన్నిచ్చే శక్తి ప్రకృతిలో లేదు, మనిషిలో ఉంది, లేదా రెండింటి పొందికలో ఉంది అని తేల్చాడు. ఆప్తుణ్ణి పోగొట్టుకున్నవాడికి అదే పొలం దిగులుగా కనిపిస్తుందన్నది ఆయన వాదం.

థోరో దారి వేరు. ఎంత చలిలోనైనా నేల అడుగున ఆరని నిప్పు ఒకటి ఉంటుందని, మనిషి గుండెలోనూ అలాంటిదే ఉందని ఆయన అంటాడు. కవిత్వంలా తోచినా ఇందులో భౌతిక సత్యం లేకపోలేదు. కొత్తగా పడ్డ మంచులో ఎక్కువ భాగం గాలే. అది వేడిని బయటికి పోనివ్వదు. పైన గాలి సున్నాకు ఎంతో దిగువన ఉన్నా, మందపాటి మంచు కింద నేల సున్నా డిగ్రీలకు దగ్గరగానే ఉంటుంది. ఎలుకలు, చుంచులు అక్కడ సొరంగాలు చేసుకుని చలికాలం గడుపుతాయి. అడవిలోని నిశ్శబ్దానికీ ఇలాంటి కారణమే ఉంది: మంచులోని సందులు శబ్దాన్ని పీల్చుకుంటాయి. నడిచేవాడు తన మనశ్శాంతి అనుకున్నదానిలో కొంత మంచు చలవే.

అయితే ఆ వ్యాసంలో ఒక బలహీనత ఉంది. చలిగాలి కల్మషాన్ని తరిమేస్తుందని, సద్గుణం ఉన్నదే దానికి నిలుస్తుందని థోరో అంటాడు. పొయ్యిలోకి కట్టెలు లేని ఇంటివాళ్ల ముందు ఈ మాట నిలవదు. మనిషి భావాలను ప్రకృతికి అంటగట్టడాన్ని ఆంగ్ల విమర్శకుడు రస్కిన్ 1856లో దోషంగా ఎత్తిచూపాడు. ఆ విమర్శ ఇక్కడ సరిగ్గా తగులుతుంది.

తర్వాతి థోరోకు అది అంతగా తగలదు. 1846 మొదట్లో ఆయన గడ్డకట్టిన వాల్డెన్ చెరువు మీద నిలబడి, తాడుకు రాయి కట్టి లోతు కొలిచాడు. అడుగే లేదని ఊళ్లో చెప్పుకునే ఆ చెరువు లోతు 102 అడుగులని తేలింది. అంతుచిక్కినంత మాత్రాన దాని మీద ఆయనకు గౌరవం తగ్గలేదు. 1856 జనవరిలో ఆరు కోణాల మంచు రేకులను పరిశీలించి, వాటిని పుట్టించే గాలి నిండా సృష్టిశక్తి ఉందని దినచర్యలో రాసుకున్నాడు. ఆరు కోణాలకు కారణం నీటి అణువుల అమరిక అని నేడు తెలుసు. కారణం తెలిసినంత మాత్రాన భక్తి కరిగిపోనక్కర్లేదు. చూపు నిశితమైన కొద్దీ ఊహలు తగ్గి, వస్తువే ముందుకొస్తుంది. ఎమర్సన్ జవాబుకన్నా ఇది గట్టి జవాబు.

ఈ చూపుకు భగవద్గీత తోడైంది. థోరో చదివినది 1785లో అచ్చయిన విల్కిన్స్ ఆంగ్లానువాదం. 1846-47 చలికాలంలో కూలీలు వాల్డెన్ చెరువులో మంచుగడ్డలు కోయడం చూసి, మద్రాసు, కలకత్తా జనం తన బావి నీళ్లు తాగుతారని ‘వాల్డెన్’ అనే పుస్తకంలో, గీతను తలచుకున్న చోటే రాశాడు. ఆ మంచును ఓడల మీద ఇండియాకు పంపే వ్యాపారం కల్పన కాదు. మద్రాసు తీరంలోని ఐస్ హౌస్ ట్యూడర్ కంపెనీ మంచు నిల్వకు కట్టినదే.

1860 డిసెంబరులో చెట్ల మొదళ్ల వలయాలు లెక్కపెడుతూ తిరిగిన థోరోకు జలుబు చేసి, పాత క్షయ తిరగబెట్టింది. 1862 మే 6న ఆయన కన్నుమూశాడు. ‘వాకింగ్’ అనే వ్యాసం మరుసటి నెలలో వెలువడింది.