బ్రదర్ గారికి వినడం నేర్పండి



గురువిద్యాలయంలో ఏళ్ళ తరబడి తత్వశాస్త్రం, వేదశాస్త్రం నేర్పుతాం. ప్రసంగం చెప్పడం నేర్పుతాం, పూజ పాడడం నేర్పుతాం. ఎదుటివారి బాధ వినడం మాత్రం గురుపట్టాభిషేకంతో దానంతటదే వస్తుందనుకుంటాం. రాదు. గురువుల శిక్షణపై 1992లో ఇచ్చిన ప్రబోధంలో రెండవ జాన్ పాల్ పోపు గారు మానవ శిక్షణనే మిగతా శిక్షణకంతటికీ పునాదిగా చెప్పారు.

అమెరికాలో ఆంటన్ బోయిసెన్ అనే ప్రొటెస్టంటు పాస్టరు 1925లో వూస్టర్ మానసిక చికిత్సాలయంలో వేదశాస్త్ర విద్యార్థులకు శిక్షణ మొదలుపెట్టారు. 1920లో ఆయనే మతి చలించి ఆస్పత్రి పాలైనవారు. గ్రంథాలను చదివినంత శ్రద్ధగా మనుషులనూ చదవాలన్నది ఆయన పట్టు. ఆ బాటలో ఎదిగిన శిక్షణను కతోలికులూ స్వీకరించారు. రోగిని చూసివచ్చిన విద్యార్థి, జరిగిన సంభాషణను గుర్తున్నంతవరకు మాటకు మాట రాసి, శిక్షకుని ముందు, తోటివారి ముందు చదవాలి.

మంచం మీదున్న ఒక తాత "ఇంక ఇంటి గడప తొక్కుతానో లేదో, బ్రదర్ గారూ" అన్నాడనుకోండి. "అలా అనకూడదు తాతా, దేవుడున్నాడు, ప్రార్థన చేద్దాం" అంటాడు మన విద్యార్థి. మాటలో తప్పు లేదు. కానీ తాత నోరు అక్కడితో మూతపడింది. రాసుకున్న కాగితం చదివితే తెలుస్తుంది, చావు మాటకు జడిసింది బ్రదరేనని. "ఇల్లు గుర్తొస్తోందా తాతా?" అని ఊరుకుంటే, పెళ్ళికాని మనుమరాలి సంగతో, మాట్లాడడం మానేసిన కొడుకు సంగతో బయటికి వచ్చేది. అప్పుడు చేసే ప్రార్థనలో తాత కష్టం కూడా ఉండేది.

యోబు స్నేహితులు ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు అతనితో నేలమీద మౌనంగా కూర్చున్నారు (యోబు 2:13). నోరు విప్పాకే చెడగొట్టారు. ఎమ్మావు దారిలో ప్రభువు అంతా తెలిసి కూడా ఏం జరిగిందని అడిగారు. శిష్యులు చెప్పిందంతా విన్న తరువాతే లేఖనాలు వివరించారు (లూకా 24). ఆ అడగడాన్ని మనం ప్రసంగాల్లో తరచు దాటేస్తుంటాం.

సెలవుల్లో మీ విచారణకు బ్రదర్లు వస్తారు. మనవాళ్ళు మర్యాదస్తులు కదా, కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, ప్రార్థన చేయించుకుని పంపేస్తారు. ఈసారి ఇంట్లో మంచం పట్టిన పెద్దవాళ్ళుంటే, బ్రదరును ఓ అరగంట వారి దగ్గర కూర్చోబెట్టండి. పక్కన నిలబడి "బ్రదర్ గారికి స్తోత్రం చెప్పు" అని తొందరపెట్టకండి. ఆ కాసేపూ టీవీ కట్టేయండి.