కామ్యమా, నిత్యమా?

పరదేశమునుండి వచ్చి పల్లెలలో వైద్యము చేయు మిషనరీల సేవ ధర్మమనిపించుకొనునా? మనస్సులో మతప్రచారము ఉన్నప్పుడు ఆ సేవకు పుణ్యమెట్లు కలుగును? బషీర్‌బాగులో పురాణ కాలక్షేపము ముగిసిన పిమ్మట పలువురు నన్ను ఈ ప్రశ్న అడిగియున్నారు. ఆఫ్రికాలోని గాబన్ దేశమున, లాంబరేనే యనుచోట 1913లో ఆసుపత్రి నెలకొల్పిన ఆల్బర్ట్ ష్వైట్జర్ పేరు కొందరు ఎత్తుదురు. ఈ ప్రశ్నకు అంతదూరము పోనక్కరలేదు. మన నిజామాబాదు చెంతనే డిచ్‌పల్లి కలదు.

డిచ్‌పల్లి యనగానే పాఠకమహాశయులకు గుట్టపైనున్న రామాలయము స్మరణకు వచ్చును. ఆ ఊరిలోనే 1915లో కుష్ఠరోగులకొక ఆసుపత్రి వెలసినది. స్కాట్లండు దేశీయురాలగు వైద్యురాలు ఇసబెల్ కెర్, మెథడిస్టు మిషనుకు చెందిన తన భర్త జార్జి కెర్‌తో 1907లో హైదరాబాదు సంస్థానమునకు వచ్చి, దిక్కులేని కుష్ఠరోగులను చూచి, వారికి ఆశ్రయము కల్పింప బూనుకొనెను. ఆసుపత్రి నిర్మాణమునకు భూరి విరాళమొసగినవాడు రాజా నర్సాగౌడ్ అను హిందూ దాత. ఆ దాత మన ప్రశ్న తేలువరకు వేచియుండలేదు!

ఆమె దినచర్య ఎట్టిదో తెలియుటకు ఆ వ్యాధి స్వభావము తెలియవలెను. ఈ రోగమున నాడులు చెడి స్పర్శజ్ఞానము నశించును. నిప్పు తగిలినను చేయి వెనుకకు రాదు. ముల్లు దిగినను కాలు ఆగదు. నొప్పి లేనందున పుండు పెరుగుచునే యుండును. ఆ పుండును కడుగవలెను, చెడిన చర్మమును తీయవలెను, శుభ్రమైన గుడ్డ కట్టవలెను. రేపు మరల అదే పని. ఆనాడున్న మందు ఒక గింజల నూనె. దానిని సూదితో ఎక్కించుట బాధాకరము. అదియును ఒకటి రెండుసార్లు గాదు, నెలల తరబడి, ఏండ్ల తరబడి. ఐనను అందరికిని నయమగునను భరోసా లేదు. సల్ఫోను మందులు వచ్చుటకు 1940ల వరకు ఆగవలసివచ్చెను. ఈ సేవలో పత్రికల కెక్కు అద్భుతమేమియు లేదు. ఉన్నదెల్ల తెల్లవారగానే మరల మొదలగు పని.

ఆ నూనె సంగతి మనవారు వినదగినది. సుశ్రుతసంహిత చికిత్సాస్థానమున పశ్చిమసముద్ర తీరమందు పెరుగు తువరక వృక్షము, దాని గింజల నూనె, కుష్ఠమునకు దాని ప్రయోగము వర్ణింపబడినవి. నూనె మనకు తెలియనిది గాదు. మరి పల్లెలో మనమేమి చేసితిమి? ‘పెద్దరోగము’ అని పేరుపెట్టి రోగిని పొలిమేర దాటించితిమి. అతనికి దాయభాగము లేదని నిబంధకారులు వ్రాసిరి. సాంబుని కథయు, సూర్యశతకము రచించి మయూరకవి స్వస్థుడయ్యెనను ఐతిహ్యమును చెప్పుకొంటిమి. స్తోత్రమును తక్కువచేయుట నా యభిప్రాయము గాదు. కాని స్తోత్రము పఠించువాని పుండు కడుగుటకు ఒక మనిషి కూడ కావలెను గదా!

ఇక పూర్వపక్షము. వారు మతముకొరకే వచ్చిరి, కావున ఆ సేవ కామ్యము, స్వార్థదూషితము అందురు. వారు మతప్రచారకులగుట వాస్తవమే, దాచనక్కరలేదు. ఆర్తుని నిస్సహాయతను మతమునకు మెట్టుగా చేసికొనుట తప్పు. ఎవరు చేసినను తప్పే. ఐనను అంతమాత్రమున సేవ యంతయు కొట్టివేయదగునా? మీమాంసకులకు సంయోగపృథక్త్వన్యాయ మొకటి కలదు. అగ్నిహోత్రమున పెరుగుతో హోమము చేయుట క్రతువునకు అంగమగును. ఇంద్రియపాటవము కోరువానికి ఆ పెరుగే వేరుగా ఫలసాధనమగును. ఒకే ద్రవ్యమునకు రెండు సంబంధములు. ఒకటి రెండవదానిని చెరుపదు. పుండు కడుగుటయు అట్టిదే. కడుగువాని సంకల్పము ఏదైనను, రోగికి పుండు మానుట వేరొక సత్యము.

సంకల్పము కామ్యమో, నిత్యమో పరులము మనమెట్లు తెలిసికొనగలము? నాకు తోచిన పరీక్ష ఇది. ఫలము కోరి పూనినవాడు ఫలము రాదని తెలిసిన పిమ్మట ఆ పనిని మరల తలపెట్టడు. నిత్యకర్మ యావజ్జీవము సాగును. ఇసబెల్ కెర్ 1907లో వచ్చి, 1932లో ఈ దేశముననే దేహము చాలించెను. ఇరువదియైదేండ్లు. ప్రతిదినము అవే పుండ్లు, అదే నూనె, అదే వాసన. దీనిని కామ్యమని పిలుచుటకు నా నోరు రాదు.

ష్వైట్జర్ 1930లలో భారతీయ తత్త్వచింతనపై గ్రంథము వ్రాసి, మనది లోకమును, జీవితమును నిరాకరించు చింతన యనెను. డాక్టర్ రాధాకృష్ణన్ 1939లో తన గ్రంథమున దీనికి ప్రత్యుత్తరమిచ్చిరి. శాస్త్రదృష్టితో ఆ ప్రత్యుత్తరము సమంజసమే. నిర్గుణోపాసకుడగు శంకరులును కర్మను చిత్తశుద్ధికి సాధనమనిరి. ఐనను గ్రంథముతో గ్రంథమును గెలుచుట సులభము. ష్వైట్జర్ తనకు లభించిన నోబెల్ ద్రవ్యముతో కుష్ఠరోగులకొక పల్లె కట్టించెను. దానికి ప్రత్యుత్తరము గ్రంథములో దొరకదు.

రోగియను కారణమున వారసత్వము పోదని 1956 నాటి హిందూ వారసత్వ చట్టము చెప్పెను. కాని 1955 నాటి హిందూ వివాహ చట్టమున కుష్ఠరోగము విడాకులకు కారణముగా నిలిచియుండెను. ఈ రోగము మందులతో పూర్తిగా నయమగునని లోకమంతటికి తెలిసిన పిమ్మటను ఆ మాట అట్లే యుండెను. పార్లమెంటు దానిని తొలగించినది 2019లో. అప్పటికి డిచ్‌పల్లి ఆసుపత్రి వెలసి నూటనాలుగేండ్లు.