త్రవ్వని బావులు

ధ్యాన భాగములు: ద్వితీయోపదేశకాండము 6:10-12, 1 రాజులు 21 అధ్యాయము



అడవి నరికి, రాళ్లు ఏరి, మొదటి సాలు దున్నిన కుటుంబమునకు భూమి చెందునా? చేత కాగితమున్నవానికి చెందునా? గోదావరికి ఇరుదరుల, కరీంనగరులోను ఆదిలాబాదులోను, ఈ తగవు తరతరములుగా నున్నది.

గోండు వీరుడైన కొమురం భీం కుటుంబము, తండ్రి మరణించిన పిమ్మట, సంకెపల్లి విడిచి సుర్దాపూరు చేరి బంజరు నేలను సాగుచేసెను. చెమట వారిదే గాని కాగితము లేదు. కోతకాలమున ఆ పంటను లాగుకొనుటకు పరులు వచ్చిరి. అడవి కొరకును భూమి కొరకును పోరాడిన భీం 1940లో జోడేఘాట్‌లో చంపబడెను.

అమెరికాలో ఇంగల్స్ అను కుటుంబము 1869లో బండి కట్టుకొని కాన్సాసు మైదానమునకు వలసపోయెను. ఇల్లు కట్టిరి, బావి త్రవ్విరి, నేల దున్నిరి. ఆ యింటి కుమార్తె లారా 1935లో ఆ కథను పుస్తకముగా వెలువరించెను. వారి కష్టము నిజమే. అయితే ఆ నేల ఓసేజి జనులది. 1871లో ఇంగల్స్ వారు వెనుకకు మరలిపోయిరి. ఓసేజి జనులకు మాత్రము ఆ నేల శాశ్వతముగా పోయెను.

కాబట్టి చెమట ఒక్కటే న్యాయము కాదు. పొరుగువాని నేలమీదను చెమట కార్చవచ్చును. కాగితమును న్యాయము కాదు. నాబోతు ద్రాక్షతోట కొరకు యెజెబెలు వ్రాసిన తాకీదులకు రాజముద్ర లేదా? సాక్షులు లేరా?

“మా తాత ఒట్టి చేతులతో వచ్చి, చలిజ్వరముతో పోరాడి ఈ చేను చేసెను. మేము దొంగలమా, అయ్యగారూ?” అని ఒక పెద్ద మమ్మునడిగెను. మేము వెంటనే ఉత్తరమియ్యలేకపోతిమి. తాత కష్టము పాపము కాదు. కాని తాము త్రవ్వని బావుల నీరు త్రాగువారు మరచిపోకూడదని దేవుడు ఇశ్రాయేలీయులను హెచ్చరించెను. భూమి తనదనియు, మనము పరవాసులమనియు లేవీయకాండము 25:23లో ఆయనే తెలిపెను.

మరచుటకంటె ఘోరమైనది మరియొకటి కలదు. ఏజెన్సీ భూమి గిరిజనేతరులకు బదలాయింపరాదని 1970 నాటి చట్టము, మనము 1/70 అనునది, నిషేధించుచున్నది. అయినను గోండు సహోదరుని పేర కాగితముంచి పంట తన గాదెలో పోసికొనువాడును, అప్పు క్రింద చేను పట్టుకొనువాడును కలరు. అట్టివాడు ప్రభువు బల్లయొద్దకు ఏ ముఖముతో వచ్చును? జక్కయ్య కన్నీటితో సరిపెట్టలేదు, నాలుగంతలు తిరిగి ఇచ్చెదననెను.

ఈ నెల ఒకనాటి సాయంకాలము మన చేనిగట్టున నిలిచి అడుగుకొందము: మనకు ముందు ఇక్కడ ఎవరుండిరి? వారెక్కడికి పోయిరి? వారి బిడ్డలే నేడు మన చేనికి కూలికి వచ్చుచున్నారా? ఉత్తరము తెలిసినప్పుడు తగినది చేయుటకు ప్రభువు మనకు ధైర్యము ననుగ్రహించును గాక. ఆమేన్.