శరణాగతియు ముందుజాగ్రత్తయు

సర్వభారమును శ్రీమన్నారాయణుని పాదములయందుంచినవాడు రేపు రాబోవు తుఫానును గూర్చి నేడు చింతింపనేల? ఈ ప్రశ్న వేయువారు నాస్తికులు కారు. సముద్రతీర గ్రామములలో హెచ్చరిక వినవచ్చినప్పుడెల్ల, "స్వామి చిత్తమెట్లున్న అట్లే జరుగును" అని ఇల్లు కదలక కూర్చుండు భక్తులే వీరు. వీరి మాటను తేలికగా త్రోసిపుచ్చరాదు. అందు విశ్వాసము కలదు. అయితే ఆ విశ్వాసము చాటున మరేదైన దాగియున్నదా యనునది విచారింపదగిన విషయము.

1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది అసువులు బాసిరి. 1977 నవంబరు 19న దివిసీమ వంతు వచ్చెను. సముద్రము సుమారు 5 మీటర్ల యెత్తున లేచి, మైళ్ల కొలది లోనికి చొచ్చుకొనివచ్చి, కొన్ని గంటలలో ఊళ్లకు ఊళ్లను తుడిచివేసెను. ప్రభుత్వ లెక్కల ప్రకారమే మృతుల సంఖ్య 10,000కు చేరువ. పశువులకు లెక్కయే లేదు. తరువాత 1990 మే నెలలో అదే కృష్ణా తీరమున, బలమున మునుపటిదానికి ఏమియు తీసిపోని మరియొక తుఫాను వచ్చెను. ఈసారి మృతులు వెయ్యికి లోపు. నడుమ గడచిన 13 సంవత్సరములలో తీరగ్రామములందు తుఫాను షెల్టర్లు లేచినవి. హెచ్చరిక ముందుగా చేరు ఏర్పాటు మెరుగుపడినది. లక్షలాది జనులను వేళకు తరలింపగలిగిరి.

జగన్నాథుని సేవించుటకు పూరీకి వెళ్లివచ్చిన యాత్రికులు ఒడిశా సంగతిని కూడ తలచుకొనవలెను. 1999 అక్టోబరు 29న వచ్చిన పెనుతుఫానులో అచ్చట సుమారు 10,000 మంది మరణించిరి. 2019 మే 3న ఫణి తుఫాను పూరీ సమీపముననే తీరము దాటెను. అప్పటికే దాదాపు 12 లక్షల మందిని సురక్షిత స్థలములకు చేర్చియుండిరి. ఆ రాష్ట్రమున మృతులు 64 మంది. ఆ 64 ఇండ్లలోని దుఃఖము చిన్నది కాదు. అయినను ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన నుంచి చూచినవాడు ఒకటి అడుగక తప్పదు. జగన్నాథుడు నాడును నేడును ఒక్కడే గదా! ఆ జనుల భక్తియు నాడు కొరవడినది కాదు. మరి ఇంతమంది బ్రదుకుటకు కారణమేమి? ఊరూర ఎవరు ఎచ్చటికి పోవలెనో ముందే నిర్ణయించి, గాలి లేచు కాలమునకు మునుపే అభ్యాసము చేయించుటయే.

దీనిని దైవమునకు ఎదురు నిలుచుట యనువారు శాస్త్రమును సగమే చదివిరనవలెను. ఏ కార్యమునకైనను ఐదు కారణములు కలవని గీతాచార్యుడు పదునెనిమిదవ అధ్యాయమున సెలవిచ్చినాడు. అందు దైవము ఐదవది. మొదటి నాలుగింటిని విడిచి ఐదవదానినే పట్టుకొందుమనుట ఆచార్యుని మాటకు విధేయత కాదు. మత్స్యమూర్తి వృత్తాంతమును చూడుడు. భారతము అరణ్యపర్వమున చెప్పిన ప్రకారము, ప్రళయము రానున్నదని స్వామి మనువునకు ముందుగా తెలిపి, దృఢమైన నావను నిర్మింపుమనియు, త్రాటిని సిద్ధపరచుమనియు, సకల బీజములను వెంట నుంచుకొనుమనియు ఆదేశించెను. నావను లాగినది స్వామియే. కట్టినది మాత్రము మనువు. సభాపర్వమున నారదుడు ధర్మరాజును కుశలమడుగుచు, రాజ్యమున చెరువులు నిండియున్నవా, సేద్యము వానమీదనే ఆధారపడి లేదు గదా యని ప్రశ్నించినాడు. భక్తులలో నారదుని మించినవాడెవడు? ఆయనకు చెరువుల ముచ్చట లౌకికమని తోచలేదు.

మోక్షవిషయమున మార్జాలకిశోర న్యాయమును చెప్పు పెద్దలు కలరు. పిల్లికూన తానేమియు చేయదు, తల్లియే నోట కరచుకొని పోవును. ఆ న్యాయమును తుఫానునకు అన్వయించి ఇంట కూర్చుండువారు ఒక్కటి మరచుచున్నారు. పిల్లి తన పిల్లలను ఏడిళ్లు త్రిప్పునని తెలుగువారి సామెత. అపాయము తోచినచో తల్లి కూనను ఉన్నచోట ఉంచదు. కూనయు కదలనని మొరాయింపదు. వాకిట నిలిచిన లారీని స్వామి పంపినదిగా ఎంచరాదా?

ఈ విచారము నేడు మరింత అవసరమగుటకు హేతువు కలదు. పంతొమ్మిదవ శతాబ్ది చివరి నాటితో పోల్చిన భూమి సగటు ఉష్ణోగ్రత ఒక డిగ్రీకి పైగా పెరిగినది. గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో సుమారు 7 శాతము ఎక్కువ నీటియావిరిని పట్టియుంచగలదు. కావున కురిసినప్పుడు కుండపోతగా కురియును. తాతలనాడు వరద ఆగిన గుర్తు ఇక హద్దు కాదు. 2021 నవంబరులో తిరుమల కొండదారులలో చరియలు విరిగిపడి, మెట్లదారిన నీరు సెలయేరై పారుటను యాత్రికులు చూచిరి. ఆ వానలకే నవంబరు 19న, అనగా దివిసీమ ఉప్పెన వచ్చిన తేదీనే, చెయ్యేటిపై అన్నమయ్య పేరు పెట్టుకొన్న జలాశయము కట్ట తెగి రాజంపేట ప్రాంతపు పల్లెలను ముంచెను. మూడు దినములు గడువక మునుపే తిరుపతి చెంత రాయలచెరువు కట్టకు గండి సూచన కనబడగా, దిగువ పల్లెలవారిని తరలించి, ఇసుక బస్తాలు వేసి కట్టను నిలిపిరి.

కట్ట తెగిన చోట ప్రాణములు పోయినవారిని గూర్చి "వారి ప్రారబ్ధము" అనువారుందురు. తనకు వచ్చిన కష్టమును గూర్చి ఆ మాట అనుకొనువానికి ఊరట కలుగవచ్చును. పరుని కష్టమును గూర్చి అనుట మాత్రము చేయవలసిన పనిని తప్పించుకొనుటయే. ఉప్పెనలో ముందుగ పోవువారెవరు? పల్లపు భూమిలో గుడిసె వేసికొన్నవారు, కూలికై వలసవచ్చినవారు, వేటకు పోయిన జాలరులు, నడువలేని ముసలివారు. మిద్దె ఇల్లున్నవాడు దైవముపై భారము వేసితిననుట సులభము. తన ప్రాణమును స్వామికి అప్పగించుకొనుటకు ఎవరికైనను అధికారమున్నదేమో కాని, పసిబిడ్డ ప్రాణమును ఆ బిడ్డ బదులు అప్పగించు అధికారము ఎవరికిని లేదు.

పూర్వులకు ఈ సంగతి తెలియును. విజయనగర కాలపు తిరుమల శాసనములను పరిశీలించినచో, భక్తులు సమర్పించిన ద్రవ్యమును దేవస్థాన గ్రామములలో చెరువులు, కాలువలు త్రవ్వించుటకు వినియోగించి, హెచ్చిన పంటతో నైవేద్యములు జరిపినట్లు తెలియుచున్నది. వానలు వెనుకాడిన యేట కూడ స్వామికి ఆరగింపు జరుగవలెను గదా! ఇక అనంతాళ్వారు కథ తిరుమల యాత్రికులలో తెలియనివారుండరు. రామానుజుల ఆజ్ఞపై పుష్పకైంకర్యమునకు పూనుకొని ఆయన చెరువు త్రవ్వుచుండగా, స్వామి బాలుడై వచ్చి మట్టితట్ట మోయబోయెను. విసరిన గునపము నేటికిని మహాద్వారమున కానవచ్చుచున్నది. చెరువును మాయచే సృష్టించి ఇచ్చుట స్వామికి అసాధ్యమా? ఆయన మట్టి మోయుటకే వచ్చినాడు.

గోవర్ధనోద్ధరణమున మరియొక విశేషము కలదు. కొండక్రిందికి గోపాలురు ఆలమందలతోను బండ్లతోను చేరిరి. తరలింపు పనిలో దిగినవారందరు చెప్పుదురు: మనుష్యులు ఇల్లు కదలకుండుటకు పెద్ద కారణము పశువులే. పాడిగేదెను కట్టుకొయ్యకు విడిచి రమ్మనిన ఏ పేదరాలు వచ్చును? పశువులకు మెట్టస్థలము చూపని ఏర్పాటు కాగితముననే నిలుచును.

తీరగ్రామములలో పెక్కుచోట్ల దేవాలయమే గట్టి కట్టడము, మెరక మీదిది. ఆశ్వయుజము రాకమునుపే ఊరివారందరు ఆ మండపమున ఒకపూట కూర్చుండవలెను. నడువలేనివారి పేర్లు వ్రాసి, ఎవరిని ఎవరు మోసికొని వత్తురో అక్కడనే అడుగవలెను. ఏ కులమువారైనను గడపవద్ద ఆగనక్కరలేదని అర్చకుడు తన నోటనే చెప్పవలెను. ఎన్ని బస్తాల బియ్యము, ఎన్ని బిందెల మంచినీరు కావలెనో లెక్కించవలెను. తాళపుచెవి ఆ రాత్రి ఎవరియొద్ద నుండునో, అతడు ఊరలేనిచో రెండవది ఎవరియొద్ద నుండవలెనో కూడ ఆ పూటనే తేల్చుకొనవలెను.